రూహ్ అఫ్జా: ఒక చిన్న దవాఖానా, నూరేళ్ళ వ్యాపారం

మన సమాజంలో వ్యాపారమనగానే ముందు గుర్తొచ్చేది తిండి వ్యాపారమే. హోటలు, బేకరీ, చాయ్ దుకాణం, బిర్యానీ సెంటరు, పండ్ల బండి... ఏ ఊరి బజారు తిరిగినా మన వాళ్ళ బోర్డు ఒకటైనా కనబడక మానదు. పెట్టుబడి తక్కువ, చేతిలో పనితనం ఉంటే చాలు, ఇంట్లో ఆడవాళ్ళు కూడా ఒక చెయ్యి వేస్తారు అన్న ధైర్యంతో ప్రతి ఏటా ఎందరో యువకులు ఈ రంగంలో దిగుతున్నారు. దిగిన వారిలో నిలిచేది కొందరే. "రుచి బాగుంటే గిరాకీ అదే వస్తుంది" అనేది మన పెద్దల మాట. ఆ మాటలో సగమే నిజమున్నదని మా అభిప్రాయం. మిగతా సగం ఏమిటో తెలియాలంటే, రంజాను మాసంలో మన ఇఫ్తారు దస్తర్ఖాను మీద కనిపించే ఆ ఎర్రని సీసా చరిత్ర తెలుసుకోవాలి. సభ్యులు, ముఖ్యంగా కొత్తగా వ్యాపారం పెట్టదలచిన పిల్లలు, ఈ కథను ఓపికగా చదవాలని కోరుచున్నాము.

1906వ సంవత్సరం. ఢిల్లీ అప్పటికింకా రాజధాని కాలేదు. బ్రిటిషు వారి రాజధాని కలకత్తాలోనే ఉండేది. పాత ఢిల్లీలో హౌజ్ ఖాజీ అనే ప్రాంతమున్నది. అక్కడ హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ అనే యునానీ వైద్యుడు ఒక చిన్న దవాఖానా తెరిచినారు. దానికి "హమ్దర్ద్" అని పేరు పెట్టినారు. బాధలో తోడుండేవాడు అని ఆ మాటకు అర్థం. అప్పటికి హకీం గారికి ఇరవై మూడేళ్ళు. వెనక పెద్ద ఆస్తి లేదు, సర్కారు అండ లేదు. అదే ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ వంటి మహా వైద్యుని పేరు మారుమోగుతున్న రోజులవి. అట్లాంటి ఊళ్ళో ఒక కొత్త కుర్రవాడు దవాఖానా పెట్టి నెగ్గుకురావడం మాటలు కాదు.

ఢిల్లీ ఎండలు మన కోస్తా ఎండల వంటివి కావు. మే, జూన్ నెలల్లో రాజస్థాన్ ఎడారి వైపు నుంచి "లూ" అనే పొడి వడగాడ్పు వీస్తుంది. చెమట పట్టినట్టే తెలియదు, మనిషి కూలబడిపోతాడు. ఆ దవాఖానాకు వేసవిలో వచ్చే రోగులలో వడదెబ్బ తగిలినవారే ఎక్కువ. వారికోసం చల్లదనమిచ్చే దినుసులన్నీ చేర్చి హకీం గారు ఒక షర్బతు తయారుచేసినారు. అది 1907వ సంవత్సరం. దానిపేరే రూహ్ అఫ్జా, అంటే ప్రాణానికి ఉల్లాసం కలిగించేది. దయాశంకర్ నసీం అనే కాశ్మీరీ పండితుడు ఉర్దూలో రాసిన "గుల్జారె నసీం" అనే మస్నవిలో రూహ్ అఫ్జా అనే పాత్ర ఉన్నదనీ, ఆ పేరునే హకీం గారు తీసుకున్నారనీ చెబుతారు. ఒక పండితుడి కావ్యంలోని పేరు ఒక హాఫిజ్ గారి షర్బతుకు వచ్చిందన్నమాట. ఆ కాలపు ఢిల్లీలో ఎవరికీ ఇది వింతగా తోచి ఉండదు.

షర్బతు అనేది కొత్త వస్తువు కాదని పాఠకులు గమనించాలి. మొగలాయీల కాలం నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా గులాబీ షర్బతు, ఖస్ షర్బతు, ఫాల్సా షర్బతు ఇళ్ళల్లో కాచుకునేవారు. ప్రతి హకీం దగ్గరా, ప్రతి అత్తరు దుకాణంలోనూ ఏదో ఒక షర్బతు దొరికేది. రూహ్ అఫ్జాలో పడే దినుసులు కూడా మనకు తెలియనివేమీ కావు. గంగవాయిలి కూర విత్తనాలు, కాస్నీ, ఎండు ద్రాక్ష, కలువ పూలు, తామర, ధనియాలు, వట్టివేరు, గులాబీ, మొగలి పువ్వు, నారింజ, అనాస, పుదీనా, క్యారట్, పాలకూర... ఇట్లా ఆ జాబితా సాగిపోతుంది. వీటిలో సగం మన పెరట్లో, మిగతా సగం కిరాణా కొట్లో దొరికేవే. మరి హకీం గారు కొత్తగా చేసిందేమిటి?

మా దృష్టిలో ఆయన చేసిన కొత్తపని మూడు నాలుగు చోట్ల ఉన్నది గాని, రుచిలో మాత్రం తక్కువే ఉన్నది. మొదటిది, ఒక్కొక్క మందుకు ఒక్కొక్క షర్బతుగా ఉన్నవాటిని కలిపి అందరూ తాగదగిన ఒకే షర్బతు చేశారు. రోగికి మాత్రమే ఇస్తే అది మందు. ఇంటిల్లిపాదీ తాగితే అది సరుకు. రోగం నయమైన తరువాత మందు కొనేవాడు మళ్ళీ రాడు. షర్బతు తాగేవాడు ప్రతి వేసవిలో వస్తాడు. దవాఖానా లెక్కకూ దుకాణం లెక్కకూ తేడా ఇక్కడే వచ్చింది.

ఇక రెండోది పాకం సంగతి. చక్కెర పాలు నూటికి 65 దాకా ఉండే చిక్కని పాకంలో సూక్ష్మజీవులు బతకలేవు, వాటికి కావలసిన నీరు దొరకదు. అందుచేత ఐసు పెట్టెలు లేని ఆ రోజుల్లో కూడా షర్బతు నెలల తరబడి చెడకుండా నిలిచేది. ఆ రోజుల్లో దీనికి పోటీ ఏమిటో చూడండి. గోలీ సోడా! ఇంగ్లండులో కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు పొందిన ఆ గోళీకాయ సీసా మన దేశమంతా వ్యాపించింది. కాని సోడాలో అమ్మేది ముప్పాతిక మూడు వంతులు నీళ్ళే. ఆ నీళ్ళను బండి మీద మోసుకుపోవాలి, తాగినాక ఖాళీ సీసాను మళ్ళీ మోసుకురావాలి. పది మైళ్ళు దాటితే కూలి గిట్టదు. షర్బతుకు ఆ బాధ లేదు. నీళ్ళు కొన్నవాడి ఇంట్లోనే ఉంటాయి. అమ్మేవాడు పంపేది సారం మాత్రమే. ఒక సీసా కొంటే ఇంటికి ఎన్నో గ్లాసులవుతుంది. రైలు పెట్టెలో వేసి ఎంత దూరమైనా పంపవచ్చు. ఢిల్లీలో కాచిన షర్బతు దేశం నలుమూలలకూ చేరడానికి ఈ లెక్కే కారణం.

సీసా విషయానికి వస్తే, మొదట్లో సొంత సీసాలు చేయించుకునే స్తోమత లేదు. వాడేసిన సారా సీసాలను తెప్పించి, శుభ్రంగా కడిగించి వాటిలోనే నింపేవారట. తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, చేతిలో డబ్బు లేనివాడు ఉన్నదానితో పని జరుపుకోవడం తప్పు కాదు. అయితే లేబులు విషయంలో హకీం గారు అట్లా సర్దుకుపోలేదు. 1910లో మీర్జా నూర్ అహ్మద్ అనే చిత్రకారుని చేత పూలు, పండ్లు వేసిన రంగురంగుల లేబులు గీయించినారు. అన్ని రంగులు అచ్చు వేయగల ప్రెస్సు ఢిల్లీలో లేకపోయింది. బొంబాయిలోని బోల్టన్ ప్రెస్సులో వేయించి తెప్పించినారు. ఒక చిన్న దవాఖానా లేబులు కోసం బొంబాయి దాకా పోవడమా అని ఆనాడు ఎవరైనా అనే ఉంటారు. సీసా పాతదైనా ఫరవాలేదు, ముఖం మాత్రం తనదై ఉండాలి అన్నది ఆయన లెక్క అయి ఉండాలి. చదువు రాని వారు కూడా ఆ పూల బొమ్మ చూసి "అదే ఇవ్వండి" అని అడిగి కొనుక్కుపోగలిగినారు. నేటికీ ఆ లేబులు రూపురేఖలు పెద్దగా మారలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఇంట్లో కాచే షర్బతు ఒక రోజు తీపెక్కుతుంది, ఒక రోజు పలచనవుతుంది. వంట బాగా వచ్చిన చేతికి కూడా ఇది తప్పదు. కాని ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో కొన్నా ఆ సీసాలో అదే రంగు, అదే వాసన ఉండాలంటే తూకం రాసిపెట్టి, ఆ ప్రకారమే చేయాలి. హకీములకు ఈ అలవాటు ఉన్నది. యునానీలో మందుల తూకాలు రాసిపెట్టే గ్రంథాలను "ఖరాబాదీన్" అంటారు. వంటవాడి చేతివాటం మీద కాకుండా వైద్యుని తూకం మీద నడిచినందుచేతనే ఈ షర్బతు నిలిచిందని మేము గట్టిగా నమ్ముచున్నాము. మన హోటళ్ళలో ఎన్నో, వంట మాస్టరు మానేసిన మరుసటి నెలలోనే దివాలా తీయడం అందరమూ చూస్తున్నదే.

ఇక కష్టకాలం. 1922లో హకీం అబ్దుల్ మజీద్ గారు కాలధర్మం చెందినారు. నలభై ఏళ్ళు కూడా నిండలేదు. పెద్ద కొడుకు అబ్దుల్ హమీద్‌కు 14 ఏళ్ళు, చిన్నవాడు మహమ్మద్ సయీద్‌కు రెండేళ్ళు. దుకాణం పదహారేళ్ళది, పోటీదారులు చుట్టూ ఉన్నారు. ఇట్లాంటి సమయంలో మన ఇళ్ళల్లో సాధారణంగా ఏం జరుగుతుంది? దుకాణం ఎవరో బంధువు చేతికి పోతుంది, లేకపోతే అమ్మేస్తారు. హకీం గారి భార్య రాబియా బేగం అట్లా చేయలేదు. పర్దా పాటించే ఇంట్లో ఉండి, పద్నాలుగేళ్ళ కొడుకును ముందు పెట్టుకుని ఆమే వ్యాపారం నడిపించినారు. హమ్దర్ద్ అంటే అందరూ హకీముల పేర్లే చెబుతారు. ఆ రోజున ఆ తల్లి తలుపులు మూసి ఉంటే మాత్రం ఇవాళ రాయడానికి ఈ కథే ఉండేది కాదు. మన సంఘంలోని అక్కచెల్లెళ్ళు ఈ ఒక్క సంగతినైనా గుర్తుంచుకోవాలని మా మనవి. తరువాత హకీం అబ్దుల్ హమీద్ పెద్దవాడై, చదువు ముగించి, తండ్రి పనిని ఎన్నో రెట్లు పెంచినారు. 1942లో రూహ్ అఫ్జా పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించినారు. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, సరుకులు దొరకక అందరూ అల్లాడుతుండగా పేరు రిజిస్టరు చేయించాలన్న ఆలోచన రావడమే గొప్ప. ఆ కాగితం ఎంత పని చేసిందో ముందు చెబుతాము.

1947 వచ్చింది. దేశం రెండయింది, ఇల్లు కూడా రెండయింది. అన్న హకీం అబ్దుల్ హమీద్ ఢిల్లీలోనే ఉండిపోయినారు. తమ్ముడు హకీం మహమ్మద్ సయీద్ 1948 జనవరిలో కరాచీ వెళ్ళిపోయినారు. అక్కడ ఒక అద్దె గదిలో మళ్ళీ మొదటి నుంచి హమ్దర్ద్ మొదలుపెట్టినారు. తమ్ముని చేతిలో అప్పుడున్నదేమిటి? యంత్రాలు లేవు, కట్టడం లేదు. తండ్రి రాసిపెట్టిన తూకాలు, జనానికి అప్పటికే తెలిసిన పేరు, ఈ రెండే. వాటితోనే కొన్నేళ్ళలో పాకిస్తాన్‌లో పెద్ద సంస్థను నిలబెట్టినారు. ఢాకాలో కూడా శాఖ వెలిసింది. 1971 తరువాత అది బంగ్లాదేశ్ వారిదైంది. అట్లా ఒకే షర్బతు, ఒకే పేరుతో మూడు దేశాలలో తయారవుతున్నది. సరిహద్దుకు ఇటు తాగేవాడూ అటు తాగేవాడూ ఎవరికి వారు అసలుది మాదేనంటారు. ఇద్దరిదీ నిజమే.

అన్నదమ్ములిద్దరూ చేసిన మరొక పని మన సంఘాల వారికి మరీ ఆసక్తికరమైనది. 1948లో ఢిల్లీ హమ్దర్ద్‌ను హకీం అబ్దుల్ హమీద్ వక్ఫ్ చేసేశారు. 1953లో కరాచీలో తమ్ముడు కూడా అదే చేశారు. నడుస్తున్న దుకాణాన్ని, లాభం వస్తున్న వ్యాపారాన్ని వక్ఫ్ చేయడమంటే సామాన్యం కాదు. మనం వక్ఫ్ అంటే మసీదు పక్కన మడిగెలు, దర్గా వెనుక పొలాలు అనుకుంటాము. ఆ మడిగెల అద్దెలు ఏ కాలంలో ఆగిపోయినవో అక్కడే ఉంటాయి. ఇక్కడ వక్ఫ్ ఆస్తి నేల కాదు, నడిచే ఒక వ్యాపారం. దాని రాబడి ఏటేటా పెరిగేది. ఆ రాబడితో ఢిల్లీలో తుగ్లకాబాద్ దగ్గర విద్యాసంస్థలు లేచినాయి. 1989లో అవే జామియా హమ్దర్ద్ అనే డీమ్డ్ విశ్వవిద్యాలయంగా రూపొందినాయి. తల్లి పేరు మీద ఆడపిల్లలకు రాబియా పబ్లిక్ స్కూలు వచ్చింది. నిజాముద్దీన్‌లో 1969లో గాలిబ్ అకాడమీ ఏర్పడింది. కరాచీలో తమ్ముడు 1991లో హమ్దర్ద్ విశ్వవిద్యాలయం స్థాపించినారు. ఆ తమ్ముడు కొంతకాలం సింధ్ గవర్నరుగా కూడా పనిచేసినారు. 1998 అక్టోబరులో కరాచీలో దుండగులు ఆయనను కాల్చి చంపినారు. మరుసటి సంవత్సరమే ఢిల్లీలో అన్నగారు కన్నుమూసినారు. మనం ఒక సీసా కొన్నప్పుడు అందులో కొన్ని పైసలు ఎక్కడో ఒక పిల్ల పరీక్ష ఫీజుగా మారినవేమో, ఎవరు చెప్పగలరు.

ఇదంతా చదివి హమ్దర్ద్‌కు అన్నీ పూలబాటలే అనుకోవద్దు. మందుగా పుట్టి సరుకుగా పెరిగినందువల్ల ఒక చిక్కు ఏనాటినుంచో వెంటాడింది. ఇది మందా, పానీయమా? 1955లో కేంద్ర ప్రభుత్వం పండ్ల ఉత్పత్తుల ఆర్డరు తెచ్చింది. పండ్ల షర్బతు, స్క్వాషు అని చెప్పి అమ్మేదానిలో ఇంత శాతం పండ్ల రసం ఉండి తీరాలని అందులో నిబంధనలుండేవి. మాది మూలికల షర్బతు, ఆ ఆర్డరు మాకెందుకు వర్తిస్తుందని హమ్దర్ద్ వారు సుప్రీం కోర్టు దాకా వెళ్ళినారు. అంతకు ముందే 1954 నాటి మందుల ప్రకటనల చట్టం మీద కూడా వారే సుప్రీం కోర్టులో వాదించినారు. వ్యాపార ప్రకటనలకు వాక్‌స్వాతంత్య్రం ఎంతవరకు వర్తిస్తుందని లా కాలేజీల్లో చెప్పేటప్పుడు ఆ కేసు పేరు ఇప్పటికీ వినబడుతుంది. కొత్త వస్తువు తెచ్చినవాడు పాత చట్టాల గళ్ళలో ఇమడడు. తిండి వ్యాపారం పెట్టే మన పిల్లలు లైసెన్సు కాగితాలను చివరికి చూసుకుందాంలే అని వదిలేస్తారు. అది మాత్రం మంచి అలవాటు కాదు.

ఇంకొక చిక్కు ఇటీవలిది. 2019లో సరిగ్గా రంజాను సమయానికి మన దేశంలో రూహ్ అఫ్జా దొరకకుండా పోయింది. దుకాణాల్లో ఖాళీ అరలు కనిపించినాయి. కావలసిన మూలికలు అందలేదని కంపెనీ వారు చెప్పినారు. యాజమాన్యం గురించి కుటుంబంలో తగాదా నడుస్తున్నదని పత్రికలు రాసినాయి. కావాలంటే వాఘా సరిహద్దు మీదుగా లారీల్లో పంపుతామని పాకిస్తాన్ హమ్దర్ద్ వారు ప్రకటించినారు. కొన్ని వారాల తరువాత సరుకు మళ్ళీ వచ్చింది గాని, నూరేళ్ళు దాటిన పేరుకు కూడా ఒక్క సీజను తప్పితే ఎంత గండమో ఆ ఏడాది తేలిపోయింది. ఆ నెలలో ఇతరుల ఎర్ర షర్బతులు కొని అలవాటైన వారు ఎంతమంది వెనక్కి రాకుండా ఉండిపోయినారో!

ఇక్కడ వక్ఫ్ పద్ధతికి ఉన్న ఒక పరిమితి కూడా చెప్పుకోవాలి. వక్ఫ్ సొత్తును వాటాలుగా అమ్మడం కుదరదు, కాబట్టి బయటి పెట్టుబడి సులభంగా రాదు. దీనికి పూర్తిగా ఎదురు దారిలో పోయినవారు బెంగుళూరులోని ఐడీ ఫ్రెష్ ఫుడ్ వారు. కేరళ వాయనాడులో కూలి పనిచేసుకునే తండ్రికి పుట్టి, ఆరో తరగతి తప్పి, పట్టుదలతో ఇంజనీరైన పి.సి. ముస్తఫా, తన పినతండ్రి, మేనమామల బిడ్డలతో కలిసి 2005లో యాభై చదరపు అడుగుల గదిలో ఇడ్లీ దోసె పిండి అమ్మడం మొదలుపెట్టినారు. ఇడ్లీ పిండిలో కొత్తేముంది? ఏమీ లేదు. అప్పటిదాకా ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు వేసి అమ్మేవారు, వీరు శుభ్రమైన ప్యాకెట్టులో పెట్టి, రోజూ దుకాణానికి చేర్చి, మిగిలింది వెనక్కి తీసుకున్నారు. రోజుకు నూరు ప్యాకెట్లు అమ్మడానికే తొమ్మిది నెలలు పట్టిందట. 2014 నుంచి బయటి పెట్టుబడిదారుల సొమ్ము కూడా తీసుకున్నారు, ఇతర నగరాలకు, దుబాయికి విస్తరించినారు. ఒకరు లాభాన్ని దానం చేసి నిలిచినారు, ఒకరు వాటాలిచ్చి పెరిగినారు. ఏది మేలన్నది మనస్తత్వాన్ని బట్టి ఉంటుంది. షర్బతు నిలవ ఉండే సరుకు, పిండి నాలుగు రోజుల్లో పులిసిపోయే సరుకు. పులిసే సరుకుకు బండ్లు, చల్లని గదులు, మనుషులు ఎక్కువ కావాలి, అందుచేత పెట్టుబడి కూడా ఎక్కువే కావాలి. ఈ తేడా చూడకుండా ఒకరిని చూసి ఒకరు వాత పెట్టుకుంటే మునగడం ఖాయం.

పేరు సంగతి చెబుతామన్నాము. "దిల్ అఫ్జా" అనే పేరుతో ఇంకొకరు షర్బతు తెచ్చినప్పుడు హమ్దర్ద్ వారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళినారు. 2022 జనవరిలో సింగిల్ జడ్జి గారు ఆపడానికి ఒప్పుకోలేదు. దిల్ అంటే హృదయం, రూహ్ అంటే ప్రాణం, రెండూ వేరు కదా, కొనేవాడు పొరబడడు అన్నట్లుగా సాగింది ఆ తీర్పు. అదే సంవత్సరం డిసెంబరు 21న ఇద్దరు జడ్జీల బెంచి దానిని తిరగేసి, దిల్ అఫ్జా షర్బతు తయారీని ఆపమన్నది. చవకగా కొనే వస్తువును ఎవరూ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి కొనరు, పాత పేరు గుర్తుకు వస్తే చాలు మోసపోవడానికి, అన్నది ఆ తీర్పు సారాంశం. 1942 నాటి ఆ రిజిస్ట్రేషను కాగితం ఎనభై ఏళ్ళ తరువాత కూడా ఇట్లా అక్కరకు వచ్చింది.

మరి పేరు ఒక్కరిది కాకుండా ఒక ఊరంతటిదీ అయితే? దానికి ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉన్నది. అదే హలీం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హజ్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు తమ "హరీస్" వంటకాన్ని వెంట తెచ్చుకున్నారు. వారు స్థిరపడిన బార్కస్‌లో ఇప్పటికీ దానిని పొద్దున పూట తింటారు. గోధుమ, మాంసం, ఇంతే. మసాలా తక్కువ. ఆ చప్పటి వంటకంలో మన వాళ్ళు పప్పులు, మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ చేర్చి హలీం చేసుకున్నారు. చాలాకాలం అది ఇళ్ళకూ దేవిడీలకూ పరిమితమైన వంట. 1956లో చార్మినారు దగ్గరి మదీనా హోటలు వారు, ఇరాను నుంచి వచ్చిన వారు, దానిని హోటల్లో అమ్మడం మొదలుపెట్టినారని చెబుతారు. అక్కడనుంచి అది వ్యాపారమైంది.

హలీం వ్యాపారం షర్బతుకు పూర్తిగా తలకిందులు. ఏడాదిలో ఒక్క నెలే అసలు గిరాకీ. తెల్లవారక ముందే మట్టి ఇటుకల భట్టీ మీద డేగ్ ఎక్కుతుంది. గంటల తరబడి కట్టెల మంట, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పొడుగాటి ఘోట్నీలతో దంచుతూనే ఉండాలి. సాయంత్రానికి మూత తీస్తారు, ఆ రాత్రికే అయిపోవాలి. మిగిలితే నష్టం, చాలకపోతే గిరాకీ పక్క హోటలుకు పోతుంది. కొందరు పెద్ద తయారీదారులు డబ్బాల్లో పెట్టి కొరియరులో ఇతర నగరాలకు పంపడం, విమానాల్లో గల్ఫు దేశాలకు పంపడం మొదలుపెట్టినారు. అప్పుడే ప్రశ్న వచ్చింది. హైదరాబాదీ హలీం అని బోర్డు పెట్టుకోవడానికి ఎవరు అర్హులు?

హలీం తయారీదారుల సంఘం వారు భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకోగా 2010లో అది లభించింది. మన దేశంలో మాంసపు వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. మేకపోతు మాంసమే వాడాలి, మాంసం గోధుమ పాళ్ళు ఇంత ఉండాలి, స్వచ్ఛమైన నెయ్యి, రాగి పాత్ర, కట్టెల మంట, తగినన్ని గంటల ఉడుకు, ఇట్లా తూకాలు, పద్ధతులు కాగితం మీదికి వచ్చినాయి. హకీం గారి దవాఖానాలో 1907లో జరిగిన పనే ఇక్కడ నూరేళ్ళకు జరిగిందన్నమాట. తేడా ఏమిటంటే, అక్కడ ఒక ఇల్లు చేసింది, ఇక్కడ ఒకరికొకరు పోటీ అయిన హోటళ్ళ వారందరూ ఒక చోట కూర్చుని చేసినారు. మా లెక్కలో ఈ రెండోదే కష్టమైన పని.

కాగితం మీది రూలు వీధిలోకి ఎంతవరకు వచ్చిందో చెప్పడం కష్టం. ఇప్పుడు రంజాను వస్తే కోస్తా పట్టణాల్లో కూడా రోడ్డు పక్కన భట్టీలు వెలుస్తున్నాయి, అన్నిటి మీదా "హైదరాబాదీ హలీం" అనే రాసి ఉంటుంది. కట్టెల మంట చోట గ్యాసు వచ్చింది, ఘోట్నీ చోట మిషను వచ్చింది, కొన్ని చోట్ల మాంసం చోట ఏమి వచ్చిందో అడగకపోవడమే మేలు. చిన్నవాళ్ళకు నష్టం ఇంకోరకంగా ఉన్నది. ఒక నెల కోసం అప్పు తెచ్చి, డేగ్ కొని, మనుషులను పెట్టుకున్నవాడికి ఆ నెల పోతే ఏడాది పోయినట్టే. 2020లో లాక్‌డౌను సరిగ్గా రంజానులో పడింది. ఆ ఏడు హలీం వండరాదని హైదరాబాదు తయారీదారుల సంఘమే నిర్ణయించింది. దంచే మనుషులు, మోసేవారు, డబ్బాలు కట్టేవారు, అందరూ ఇళ్ళల్లో కూర్చున్నారు. ఆ నెలలో రూహ్ అఫ్జా సీసా మాత్రం కిరాణా కొట్టు అరలోనే ఉండి, ఎప్పటిలాగే ఇఫ్తారుకు ఇంటికి వచ్చింది.

2022లో కేంద్ర ప్రభుత్వ వాణిజ్య శాఖ వారు భౌగోళిక గుర్తింపు పొందిన ఆహార పదార్థాల మీద జనం చేత ఓటు వేయించినప్పుడు రసగుల్లా, బికనేరు భుజియా వంటివాటిని వెనక్కి నెట్టి హైదరాబాదీ హలీం మొదటి స్థానంలో నిలిచింది. ఆ సర్టిఫికెట్టు సంఘం వారికి వచ్చింది. మరుసటి రంజానుకు భట్టీలు ఇంకా పెరిగినాయి, డేగ్ దగ్గర ఘోట్నీ పట్టుకునే మనిషి కూలి ఎంత పెరిగిందో మాత్రం ఎవరూ ఓటు వేయించలేదు.